ఉప్పు ముట్టని మొక్కు

సుమలత ఉడుంపట్టు పడితే ఇక దేవుడు కూడా విడిపించలేడు. మస్కట్‌లో పనిచేసే చోట పైనుంచి పడి, మగడు జితేందర్ ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా ఉన్నాడని తెలిసిన నాడే మొక్కింది. కోరుట్ల నుంచి కొండగట్టుకు ఉప్పు ముట్టకుండా నడిచి వస్తానని! అదీ ఎండలు మండే చైత్రంలో. ఒంటరిగా పంపలేక ఆడబిడ్డ రజని సిరిసిల్ల నుంచి వచ్చి వెంట నడిచింది. జితేందర్ రజనికి ఒక్కగానొక్క తమ్ముడు.

దారి పొడుగునా చలివేంద్రాల్లో ఉప్పేసిన మజ్జిగ పోస్తున్నారు. రజని గ్లాసు మీద గ్లాసు తాగింది. సుమలత మాత్రం వట్టి నీళ్ళే తాగింది. తాగిందంతా చెమటై కారిపోయింది, ఒంట్లో ఉన్న కాస్త ఉప్పునూ వెంట తీసుకుపోయింది.

రాత్రి జగిత్యాలలో ఆగి తెల్లారి బయలుదేరారు. ఎండ ముదిరేసరికి సుమలత పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడి కేకలు పెట్టింది. రజని మడమ పట్టుకుని పాదాన్ని పైకి వంచింది, పిక్క రుద్దింది. కాస్త సడలేది, లేచి నాలుగడుగులు వేయగానే మళ్ళీ రాయిలా బిగుసుకునేది.

"కొంచెం మజ్జిగ తాగవే. ఉప్పు లేకనే నరాలు గుంజుతున్నయ్."

"వద్దు వదినె. మొక్కు తప్పితే ఆయన దక్కడు."

"ఆటో ఎక్కుదాం మరి."

"పాక్కుంటనన్న పోత."

రజనికి ఒళ్ళు మండింది, అంతలోనే గుండె తరుక్కుపోయింది. చలివేంద్రం దగ్గరికి వెళ్ళి, వెంట తెచ్చుకున్న సీసాలోని బెల్లం నీళ్ళలో నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు కలిపి తెచ్చింది.

"ఉప్పగున్నదేంది వదినె?"

"నీ పెదవుల మీద చెమటనే గది. తాగు."

నమ్మి తాగింది, పాపం. నీడలో కాసేపు కూర్చున్నాక కాళ్ళు మాట విన్నాయి. కొండ మెట్లన్నీ ఎక్కి, స్వామి ముందు కొంగు చాచి వేడుకుంది. మంచి పనే చేశాననుకుంది రజని.

కొండ దిగుతుండగా మస్కట్ నుంచి ఫోన్. జితేందర్ రూములో ఉండే అజయ్. మధ్యాహ్నమే ప్రాణం పోయిందట.

సుమలత ఏడవలేదు. పిక్కను పిడికిళ్ళతో గుద్దుకోసాగింది. "గీ కాలే నా కొంప ముంచింది. తొవ్వల కూసుండకుంటే ఆయన బతుకుతుండె. నేనే సంపుకున్న."

ఆ ఉప్పుకూ ఈ చావుకూ పొత్తు లేదని రజనికి తెలుసు. ఆ మాట సుమలత తలకెక్కదనీ తెలుసు. కానీ ఈ పిల్ల బతుకంతా ఇలా గుద్దుకుంటూనే ఉంటుందేమోనని భయమేసి, చేతులు పట్టుకుంది.

"నీ తప్పేం లేదే. నువ్వు మొక్కు తప్పలే. సీసల ఉప్పు నేనే కలిపిన."

సుమలత చేతులు ఆగిపోయాయి.

"నీ తమ్ముడే గద వదినె," అంది.