చెవితో వేపిన చేప

నేను ఒక ఇనప పెనాన్ని. జానెడున్నర వెడల్పు, ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టేంత బరువు, సరిగ్గా నడుమ చిన్న పల్లం. పల్లం సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎలాగూ నన్ను చూసినవాళ్ళ కళ్ళు ముందు దాని మీదే పడతాయి. మనుషులకి అదొక అలవాటు. తొంభై తొమ్మిది భాగాలు చదునుగా ఉన్నా మిగిలిన ఒక్క భాగం గురించే మాట్లాడతారు.

పెనం కాకముందు నేను ఒక పాత ఓడకి పక్కరేకుని. ఓడని ముక్కలు చేసినప్పుడు నా వంతు ముక్క విశాఖపట్నం వన్‌టౌన్‌లో ముత్యాలాచారి అనే కమ్మరి కొలిమిలో పడింది. ఆయన నన్ను ఎర్రగా కాల్చి ఒక పూటంతా బాదాడు. బాదినంతసేపూ తన బావమరిదిని తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ తిట్లలో మరీ ఘాటైనది నోట్లోంచి వచ్చినప్పుడు సుత్తి కూడా గట్టిగా దిగింది. ఆ పల్లం అలా వచ్చింది. ఆ బావమరిదిని నేను ఎప్పుడూ చూడలేదు గానీ, ఆయన గుర్తు మాత్రం ఇప్పటికీ మోస్తున్నాను.

నన్ను మొదట కొన్నది హోటలు కామేశం. దోసెల కోసం కొన్నాడు. పిండి ఎలా తిప్పినా జారివచ్చి పల్లంలో కూర్చునేది. దోసె నడుమ పచ్చిగా, అంచుల్లో మాడి వచ్చేది. ఆరు నెలలు నన్ను ఓర్చుకుని, ఆ తర్వాత వెనక గుమ్మం పక్కన బోర్లా పడేశాడు. వానకి తుప్పు పట్టడం మొదలైంది. ఆ దారిన చేపల గంపతో వెళ్ళే మసేనమ్మ ఒకనాడు ఆగి, నన్ను తిరగేసి చూసి, ఇది వాడుతున్నావా అని అడిగింది. తీసుకుపోతే పీడా విరగడవుతుందన్నాడు కామేశం. అలా ఉచితంగా చేతులు మారాను. నాకేమీ చిన్నతనం అనిపించలేదు.

మసేనమ్మ నన్ను ఇసకతో తోమి, నూనె పట్టించి, మూడు రోజులు ఎండలో పెట్టింది. సాయంత్రాలు చేపలరేవు దగ్గర నన్ను పొయ్యి మీద పెట్టుకుని, వేపిన చేపలు అమ్మేది. దోసెకి పనికిరాని ఆ పల్లంలో నూనె చక్కగా నిలిచేది. కొంచెం నూనెతోనే చేప మునిగేది. కామేశం హోటల్లో నేను చెడ్డ పెనాన్ని. రేవులో నా అంత మంచి పెనం లేదు. మధ్యలో నేను మారింది ఏమీ లేదు.

ఇరవై ఆరేళ్ళు అలా గడిచాయి. మసేనమ్మ వంటలో ఒక వింత ఉండేది. వేపేటప్పుడు ఆవిడ నా వైపు చూసేది కాదు. వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడుతూ వాళ్ళ వైపే తిరిగి ఉండేది. చూపంతా అటు, చెవి మాత్రం ఇటు. చేపలో నీరున్నంతసేపూ చిటపటమని గోలగా ఉంటుంది. నీరు ఇంకిపోయేకొద్దీ ఆ గోల సన్నబడుతుంది. సన్నబడిన క్షణాన ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చి అట్లకాడతో చేపని తిప్పేది. వంజరానికి ఒక చప్పుడు, చందువాకి ఒక చప్పుడు. ఒంట్లో కొవ్వున్న కవళ్ళ చేపలయితే తమ నూనె తామే వదులుతాయి కాబట్టి వాటి చప్పుడు తొందరగా మెత్తబడుతుంది. అది తెలియనివాళ్ళు ఇంకా వేగాలని ఉంచేసి కర్రముక్కలు చేస్తారు. ఇవన్నీ ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

బోటు మీద వేటకెళ్ళే కొడుకు దానేసు పెళ్ళి చేసుకుని హైమని తీసుకొచ్చాడు. హైమ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆవిడకి చెవి మీద కన్నా గడియారం మీద నమ్మకం ఎక్కువ. మందైనా, పాలైనా, అన్నమైనా నిమిషాల లెక్కే. అత్తాకోడళ్ళకి పెద్ద గొడవలేమీ లేవు. పెద్ద ప్రేమలూ లేవు. చేపల వంట అత్తది, మిగతా వంట కోడలిది అని ఎవరూ చెప్పకుండానే హద్దు గీసుకుని, ఎవరి వైపు వాళ్ళు ఉండేవాళ్ళు.

మార్చి నెలలో మసేనమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దగా, రెండు మూడు ముక్కలుగా వచ్చేది. మింగడం కష్టమైంది. గొంతులో ముల్లు ఇరుక్కుంటే ప్రాణం మీదకి వస్తుందని డాక్టరు చేపలు మాన్పించాడు. జావ, గంజి, మెత్తగా మెదిపిన పెరుగన్నం మాత్రమే పెట్టమన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజూ చేప తిన్న మనిషి. మూడో చెంచాకి పెదాలు బిగించేసేది. కోపం కాదు, అలక కాదు. ఆ నోటికి అది తిండి అని తోచలేదు, అంతే.

ఏప్రిల్లో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ ఇటువైపు బోట్లు కదలవు. దానేసు కూలికి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకి వెళ్ళిపోయాడు. ఇంట్లో అత్త, కోడలు, పొయ్యి పక్కన మేకుకి వేలాడుతూ నేను. మసేనమ్మ రోజురోజుకీ తగ్గిపోయింది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. ఒక శుక్రవారం పొద్దున్న డాక్టరు చూసి, సోమవారానికి నోటితో సరిగ్గా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని తేల్చేశాడు. హైమ అలాంటి గొట్టాలు ఎంతోమందికి పెట్టిన మనిషి. అది విని ఇంటికొచ్చి, చీర మార్చుకోకుండా గచ్చు మీద కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో తిండి గురించి సలహా చెప్పే మేడమ్, ముల్లు లేకుండా మెత్తగా ఉండే చేపైతే పెట్టి చూడమంది. సాల్మన్ అని ఒకటుంది, చలిదేశాల చేప, ముల్లు తీసేసి ఐసులో వస్తుంది, బలం కూడా, పావుగంటలో వండొచ్చు అని చెప్పింది. హైమ ఆ సాయంత్రమే సిటీలో పెద్ద సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి రెండు ముక్కలు తెచ్చింది. బోట్లు నడిపే ఇంటికి చేపలు ప్లాస్టిక్ సంచిలో రావడం నేను చూడటం అదే మొదలు.

సంచి విప్పితే నారింజరంగు ముక్క, అడుగున వెండి తొడిగినట్టు తోలు. మసేనమ్మ కుర్చీలోంచి చాలాసేపు చూసింది.

"తలకాయేదే?" అంది.

రేవులో చేప కొనేటప్పుడు కన్ను చూసి, మొప్ప ఎత్తి ఎరుపు చూసి గానీ బుట్టలో వేసుకోని మనిషి ఆవిడ. తలలేని చేపని కొనడమంటే మొహం చూడకుండా పిల్లనిచ్చినట్టే. ఇది ఇలాగే వస్తుందని హైమ నచ్చజెప్పింది. మసేనమ్మ సరేనన్నట్టు తల ఊపింది. పాపం కోడలు అంత దూరం వెళ్ళి తెచ్చింది కదా అనుకున్నట్టుంది.

ఇక హైమ వంట. ఏ చేపకైనా అత్త చెయ్యగా చూసిందంతా దీనికీ చేసింది. తోలు ఒలిచింది. ఉప్పూ పసుపూ వేసి మూడు నీళ్ళు కడిగింది. సన్నటి ముక్కలు కోసి, అల్లంవెల్లుల్లి ముద్దా కారమూ దట్టంగా పట్టించి నా మీద వేసింది. నీసు పోవాలని పన్నెండు నిమిషాలు గడియారం చూసి మరీ వేపింది. నేను ఆరో నిమిషానికే చెప్పాను, నా చప్పుడుతో. వినడం ఆవిడకి రాదు. చేపలో ఉన్న మెత్తదనమంతా కరిగి నా పల్లంలోకి దిగిపోయింది. ముక్కలు పిడచకట్టిన పీచు అయ్యాయి.

మొదటి ముక్కకే మసేనమ్మకి పొరబోయింది. దగ్గీ దగ్గీ కళ్ళు తేలేసింది. హైమ వీపు మీద చరిచి, నోట్లో వేలు పెట్టి తీసింది. ఊపిరి కుదుటపడ్డాక అత్త మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ మొహం శనివారమంతా ఇటు తిరగలేదు. మాట లేదు, జావ లేదు. నీళ్ళు కూడా బలవంతాన నాలుగు చెంచాలు. హైమకి కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ దిగమింగుకుని, అత్తని ఎప్పట్లాగే పక్కింటివాళ్ళకి అప్పజెప్పి డ్యూటీకి వెళ్ళింది. తప్పు చేపదో తనదో ఆవిడకి తెలియలేదు. చెప్పగలిగిన ఆవిడ గోడని చూస్తోంది.

ఆదివారం సాయంత్రం ఆరున్నర. హైమకి ఎనిమిదింటికి డ్యూటీ. తెల్లారితే సోమవారం. ఐసులో మిగిలింది ఒక్క ముక్క.

ఈసారి ఫోనులో ఎవరో ఆ చేప వండి చూపిస్తుంటే రెండుసార్లు చూసింది. తోలు తియ్యలేదు. ఒక్కసారి నీళ్ళతో కడిగి, పాత నూలుగుడ్డతో ఒత్తి తడంతా తుడిచింది. కొంచెం పసుపు, దంచిన మిరియాలు, చిదిమిన వెల్లుల్లి రాసింది. కారం ముట్టుకోలేదు. అత్తకి బీపీ అని ఉప్పు రెండు వేళ్ళ కొసలతో చల్లింది, చల్లలేదన్నా తప్పులేదు. నన్ను బాగా కాగనిచ్చి, చెంచాడు వేరుశెనగ నూనె వేసి, తోలు కిందకి వచ్చేలా ముక్కని పల్లంలో పెట్టింది. చుర్రుమంది. కరివేపాకు పక్కన పడింది. ఆ వాసన ఆ రెండు గదుల ఇల్లంతా పాకింది.

మసేనమ్మ కుర్చీ వంటగది గుమ్మంలోనే ఉంది, వీపు మా వైపు. ఆ వీపు ఎలా ఉందో నేను చూడగలను. ఇరవై ఆరేళ్ళు నాకు కనబడింది ఆ వీపే కదా.

నాలుగు నిమిషాలకి హైమ చేపని తిప్పింది. తోలు అంటుకోకుండా, కరకరలాడుతూ నన్ను వదిలింది. రెండో వైపు వేగుతోంది. ముక్క పక్కల చూస్తే నడుమ ఇంకా నారింజరంగు పోలేదు. హైమ గడియారం చూసింది. మరో ఐదు నిమిషాలన్నా ఉంచాలనుకుని మూత కోసం చెయ్యి చాపింది. పచ్చి చేప పెడితే ఒక భయం, ఎండిపోతే ఇంకో భయం.

అప్పుడే చేప తన నూనె తాను వదలడం మొదలుపెట్టింది. నా చప్పుడు మెత్తబడింది.

"దించీ," అంది మసేనమ్మ.

రెండు రోజుల తర్వాత అదే మొదటి మాట. మొహం ఇంకా అటే ఉంది.

"ఇంకా నడుమ ఏగలేదత్తా," అంది హైమ.

"దించీయే."

హైమ గడియారం వైపు ఒకసారి, ఆ వీపు వైపు ఒకసారి చూసింది. తర్వాత పొయ్యి ఆర్పి, పట్టుగుడ్డతో నన్ను పట్టుకుని గచ్చు మీదకి దించేసింది. తన జన్మలో ఆవిడ గడియారం మాట కాదనడం అదే మొదలనుకుంటాను. ఇక్కడ నా గొప్ప కూడా కొంచెం చెప్పుకోవాలి. పల్చటి పెనాలు పొయ్యి దిగగానే చల్లారిపోతాయి. నాలో వేడి అంత తొందరగా పోదు. మిగిలిన నడుమ వంతు నేను నింపాదిగా పూర్తిచేశాను. హైమ నిమ్మచెక్క పిండి, వేలితో ఒత్తేసరికి చేప రేకురేకుగా విడిపోయింది, లోపల తడితడిగా, వెన్నలాగా.

మెత్తటి అన్నం, మిరియాల చారు, దాని మీద చేప రేకులు. పళ్ళెం తీసుకుని హైమ కుర్చీ ముందుకి వెళ్ళి నేల మీద కూర్చుంది. చెంచాతో ఎత్తబోయింది. మసేనమ్మ తల అడ్డంగా ఊపింది. హైమ చెంచా పళ్ళెంలో పెట్టేసింది. ఇదీ పోయిందనుకుంది.

మసేనమ్మ కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. దాన్నే కాసేపు చూసుకుంది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తింది. అరవై ఏళ్ళు అన్నానికి తాకించని చెయ్యి. దాన్ని పళ్ళెంలో పెట్టి, ఒక రేకుని తడుముకుంటూ తీసి, వంకరగా నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. మింగింది. హైమ కళ్ళు ఆ గొంతు మీదే ఉన్నాయి. దగ్గు రాలేదు. మళ్ళీ తీసింది. మూడోది అన్నంతో కలిపి తీసింది. సగం పళ్ళెం అలా ఖాళీ అయ్యాక ఆగి, కోడలి మొహంలోకి చూసింది.

"ఉప్పు సాల్లేదే," అంది.

ఉప్పు చాల్లేదని ఒక ఇంట్లో అత్త అంటే కోడలి మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు, చాలా వంటిళ్ళ మాటలు రేవులో విన్నాను. హైమ మొహం అలా మారలేదు. పళ్ళెం కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మసేనమ్మ ఆవిణ్ణి వింతగా చూసి, ఈలోగా ఇంకో రేకు తీసుకుంది.

గడియారం ఏడూ ముప్పావు దాటింది. హైమ ఫోను తీసి వార్డు సిస్టర్‌తో ఆలస్యంగా వస్తానంది. ఎందుకని అవతలి నుంచి అడిగినట్టున్నారు.

"మా అత్త అన్నం తింటంది సిస్టర్. ఉప్పు సాల్లేదంటంది," అంది హైమ.

ఫోను పెట్టేసి, లేచి వచ్చి, నన్ను దాటుకుని ఉప్పు డబ్బా మూత తీసింది.