ముప్పాతిక మిల్లీమీటరు

మేస్త్రీ కారు కింద వెల్లకిలా పడుకుని గేర్‌బాక్స్‌ను జాకీ మీద అంగుళం అంగుళం పైకి లేపుతున్నాడు. ఆ కారు వయసు ఆయన కంటే నాలుగేళ్లు ఎక్కువ. మోకాళ్ల సంగతికొస్తే కారే నయం. ఇంజను ఇప్పటికీ ఒక్క తిప్పుకే అందుకుంటుంది గానీ, దాని సొంత గేర్‌బాక్స్ ఎప్పుడో అరిగి ముక్కలైంది. అలాంటిది ఇక వెతికినా దొరకదు. ఓ పాత వ్యాను గేర్‌బాక్స్‌నే దీనికి తగిలించాలి. రెండూ రెండు కంపెనీలవి కాబట్టి ఎడమొహం పెడమొహం. మధ్యలో ఇనుప పలక ఒకటి పెట్టి రాజీ కుదర్చాలి.

"ఈసారైనా నడుస్తుందా మేస్త్రీ? పోయేదాకా నాన్నకి దీని మీదే బెంగ" అని పొద్దున ప్లీడరు గారి కూతురు అడిగి వెళ్లింది.

"నడుస్తుందమ్మా" అన్నాడు. ఈసారైనా అన్న మాట మాత్రం చివుక్కుమనిపించింది.

పదకొండేళ్ల కిందట ఇదే కారుకి, ఇదే గేర్‌బాక్స్‌తో, ఇదే పని చేశాడు. కొలత తీసింది ఆయన. లేతు మిషను మీద పలక కోసింది ఆయన తమ్ముడు. అప్పట్లో ఇద్దరిదీ ఒకటే షెడ్డు. నెల తిరక్కుండానే క్లచ్ షాఫ్టు విరిగి కారు నడిబజార్లో ఆగిపోయింది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. పలకలో రంధ్రం పక్కకు పడిందని పదిమందిలో తమ్ముణ్ణి కడిగిపారేశాడు.

"నీకు మిషనెందుకురా? పోయి కత్తులకు సానపెట్టుకో!"

"సరే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. అంతే. వారంలో మిషను విప్పుకుని నాలుగు వీధుల అవతల ఓ గది తీసుకున్నాడు. ప్లీడరు గారు విసిగి కారును ఇంటికి లాగించుకుపోయారు. పలక అటకెక్కింది. ఆ తర్వాత అన్నదమ్ములు ఎదురుపడితే ఒకరు చెప్పులు చూసుకునేవారు, మరొకరు ఆకాశం.

పాతది పనికొస్తుందేమోనని మేస్త్రీ ఇవాళ ఆ పలకను దింపాడు. తమ్ముడికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ కొలత ఇచ్చినా ముందు దాన్ని పలక అంచున పంచ్‌తో అంకెలుగా కొట్టి, ఆ తర్వాతే కోతకు దిగేవాడు. కిరసనాయిలుతో కడిగితే అంకెలు బయటపడ్డాయి. 62.50. షాఫ్టు వెళ్లే రంధ్రం ఎక్కడ పడాలో చెప్పే కొలత అది. మేస్త్రీ పలకను మూడుసార్లు కొలిచి చూశాడు. సరిగ్గా అరవై రెండున్నర మిల్లీమీటర్లు. వెంట్రుకవాసి తేడా లేదు.

గేర్‌బాక్స్‌ను కాస్త కిందికి దించి ఇంజనును కొలిచాడు. బోల్టు రంధ్రాల నుంచి అయితే 62.50. వాటి పక్కన పొడుచుకొచ్చిన రెండు పిన్నుల నుంచి అయితే 61.75. బోల్టులు రంధ్రాల్లో కొంచెం వదులుగానే ఉంటాయి. నడిమధ్యను ఖాయం చేసేవి బిగువుగా కూర్చునే ఆ రెండు పిన్నులే. పని నేర్చుకునే మొదటి వారంలో తెలిసే సంగతి. ఆ రోజు పిన్నుల చుట్టూ గట్టిపడ్డ మురికి గీకడానికి బద్ధకించి, బోల్టు రంధ్రాల నుంచే కొలత ఇచ్చేశాడు ఈ మహానుభావుడు.

పలకను ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండయింది.

వెళ్లి చెప్పాలి. ఒక్క మాటే కదా. కానీ తప్పు ఒప్పుకుని ఎరగని నోరు అది. భోజనం చేసి వెళ్దామనుకున్నాడు. తిన్నాక, గేర్‌బాక్స్‌ను జాకీ మీద వదిలేసి ఎలా వెళ్లడం అనుకున్నాడు. దాన్ని నేలకు దించాక స్పానర్లు సర్దాడు. ఎన్నడూ తుడవని బల్ల తుడిచాడు. చొక్కా మార్చాడు. ఆ మాట కారుకి చెప్పి చూశాడు. "తప్పు నాదేరా." గొంతు మరీ గద్దించినట్టుంది. "నాదేరా తప్పు" అన్నాడు. అది కాస్త నయమనిపించింది. ఐదింటికి పలకను పాత గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని బయల్దేరాడు.

లేతు గది ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆయన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. లోపల బెంచీ మీద తమ్ముడి భార్య కూర్చుని ఉంది. ఆమె కాళ్ల దగ్గర చాప మీద తమ్ముణ్ణి పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

"నాలుగింటికి బావగారూ" అంది. "పని చేస్తూ చేస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. మీకు కబురు చేద్దామనే అనుకుంటున్నాం."

ఏం చేస్తున్నాడో తెలియకుండానే మేస్త్రీ గుడ్డ విప్పి పలకను ఆమెకు చూపించాడు.

"తప్పు నాదమ్మా. వాడు సరిగ్గానే కోశాడు. నేనే కొలత తప్పిచ్చాను."

ఆమె పలకనూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "ఏ పలక బావగారూ?"

"దీని గురించే కదమ్మా, మేం మాటలు మానేసింది."

"నాకెప్పుడూ చెప్పలేదు. ఎప్పుడడిగినా, అన్నయ్యకి పనెక్కువ, తీరిక దొరకదు అనేవారు."

మేస్త్రీకి దుఃఖం ఆగలేదు. పదిమందిలో తాను తమ్ముడి పరువు తీస్తే, వాడు అన్న పరువును ఇంట్లో కూడా కాపాడాడు. పన్నెండింటికే బయల్దేరి ఉంటే నాలుగు గంటలు ఉండేవి. ఇప్పుడా మాట చెప్పుకోవడానికి, అదేమిటో తెలిసినవాడే లేడు. చాప పక్కన నేల మీద కూర్చుని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

ఎవరో మిషను ఆపేశారు. దాని హ్యాండిల్‌కు తమ్ముడి కళ్లద్దాలు వేలాడుతున్నాయి, విరిగిన కాడ బదులు రాగి తీగతో, రెండు అద్దాల మీదా సన్నని ఇనుప పొడితో.