అత్త నడక, కోడలి మార్కులు

ఆ కంపెనీలో కుర్చీ అడిగినవాళ్ళని కొంచెం అనుమానంగా చూస్తారు. ఆటల బట్టలూ బూట్లూ తయారుచేసే చోటు కదా, కూర్చోవడం అక్కడ దురలవాటు కింద లెక్క. మీటింగులన్నీ నిలబడే జరుగుతాయి. వరండా పొడుగునా పరుగు పందెం గీతలుంటాయి, కాఫీ కప్పు పట్టుకుని నడిచేవాళ్ళు కూడా ఎవరి గీతలో వాళ్ళే నడవాలి. ఆలస్యంగా వస్తే పసుపు కార్డు. సెలవు కావాలంటే సెలవు అనకూడదు, 'నా బదులు ఇంకో ఆటగాణ్ణి దింపండి' అనాలి. యజమానిని సార్ అంటే ఊరుకోరు, ఆయన అందరికీ కోచ్. ఆయన మెడలో విజిల్ వేలాడుతూ ఉంటుంది. ఊదగా ఎవరూ వినలేదు గానీ, ఎప్పుడు ఊదుతారోనని అందరికీ గుండెల్లో గుబులే.

అలాంటి చోట చింపులమ్మ పనిచేస్తోంది. ఇది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? పరీక్షల గదిలో ఆమె పని చింపడం. కొత్త చొక్కా వస్తే రెండు వైపులా మిషనుకు బిగించి, కుట్టు పర్రుమని చిరిగేదాకా లాగిస్తుంది. బూటైతే అడుగు ఊడేదాకా వంచుతుంది. వస్తువులు పాడుచేస్తావని పుట్టింట్లోనూ పాత ఉద్యోగాల్లోనూ తిట్లు తిన్న మనిషికి, పాడుచేసినందుకే జీతమిచ్చే చోటు దొరికింది. ఆ గదంటే ఆమెకు ప్రాణం. ఆ మధ్య పొద్దున్నే వచ్చేసరికి, బూటు అడుగుల్ని గరుకు కాగితం మీద అరగదీసే మిషను కింద నల్లటి పొడి కనిపిస్తుండేది. ఎవరు వాడుతున్నారో తెలియక, తుడిచేసి తన పని తాను చేసుకునేది.

ఉద్యోగం మాత్రం ఇంకా పర్మనెంటు కాలేదు. అందుకు పని వస్తే చాలదు, టీమ్ స్పిరిట్‌లో మార్కులు రావాలి. ఆ మార్కులన్నీ పరుగులోనే ఉన్నాయి. కొత్త రకం బూటు తయారైనప్పుడల్లా ఆఫీసులో తలా ఒక జత ఇస్తారు. రోజూ పొద్దున్నే వాటితో పరుగెత్తాలి, సోమవారం మీటింగులో ఎలా ఉన్నాయో చెప్పాలి. రెండు నెలలు గడిచాక కోత రోజు వస్తుంది. ఆ రోజు ఒక్కొక్కరి కుడి బూటునీ రంపపు మిషను మీద నిలువునా రెండు ముక్కలు చేసి, లోపలి స్పాంజి ఎంత నలిగిందో చూసి కోచ్ మార్కులు వేస్తారు. కోసేది చింపులమ్మే.

ఆమెకు పరుగంటే పడదు. ఆమె ఎప్పుడైనా పరుగెత్తిందంటే బస్సు కోసమే, అదీ బస్సు ఆగిందని రూఢి చేసుకున్నాక. మొదటి రోజు కొత్త బూట్లతో వీధి మలుపు దాకా వెళ్ళి, గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుని, నడుస్తూ వెనక్కి వచ్చి వాటిని గుమ్మం పక్కన విసిరికొట్టింది.

గుమ్మంలో అత్తగారు కూర్చుని ఉన్నారు. మామగారు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ గేటు దాటలేదు. అంతకు ముందు ఇద్దరూ రోజూ సాయంత్రం షికారు వెళ్ళేవాళ్ళు. ఆయన పోయాక, ఇంక ఎవరితో వెళ్ళాలని చెప్పులు తీసి అటక మీద పెట్టేశారు. నడిచే అలవాటు మాత్రం కాళ్ళలో మిగిలిపోయింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ, కోడలు ఏ డబ్బా ఎక్కడ పెట్టిందో తనిఖీ చేస్తుండేవారు. ఈ గొడవలోకి కొడుకు రాడు. అత్తాకోడళ్ళ మధ్య దూరకూడదని పెళ్ళైన మర్నాడే నేర్చుకున్నాడు.

అత్తాకోడళ్ళకు ఒక్క విషయంలోనూ పొత్తు కుదరదు గానీ, పాదాల కొలత మాత్రం ఒకటే. చింపులమ్మకు అప్పుడే ఆలోచన తట్టింది. ఎలాగూ తిరుగుతారు కదా, ఇవి తొడుక్కుని తిరగమని బతిమాలింది. ఇవి బూట్లా బాతులా అని అత్తగారు ఈసడించారు. సాయంత్రానికి తొడుక్కున్నారు. వారం తిరక్కుండా గేటు దాటారు. ఆ తరువాత మూల మీది కొట్టు, ఆ తరువాత కూరగాయల బజారు, నెల దాటేసరికి ఊళ్ళో ఆవిడ తొక్కని సందు లేదు. ఏ వీధిలో ఎవరు ఇల్లు మారారో, ఎవరి పంపు కారుతోందో ఇంటికి మోసుకొచ్చేవారు. మునుపటిలా నవ్వుతున్నారని కొడుకు కూడా గమనించాడు.

సోమవారాలు చింపులమ్మకు నల్లేరు మీద బండి నడకయ్యాయి. 'చిటికెనవేలు నొక్కుకుపోతోంది, మీ ఆఫీసు వాళ్ళకి చిటికెనవేళ్ళు లేవా?' అని అత్తగారు అంటే, దూరం పరుగెత్తినప్పుడు బయటి వేలికి చోటు చాలడం లేదని ఆమె మీటింగులో చెప్పేది. కోచ్ అందరి చేతా చప్పట్లు కొట్టించేవారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అత్త నడక మీద కోడలు మార్కులు కొట్టేస్తోంది.

ఇంత తెలివిగలదీ ఒక్క సంగతి అత్తగారికి చెప్పలేదు. బూట్లు తిరిగి ఇచ్చేయాలనీ, వాటిని కోస్తారనీ చెప్పడానికి నోరు రాక వాయిదా వేస్తూ వచ్చింది. కోత రోజు పొద్దున ఇంక తప్పక చెప్పింది. అత్తగారు లేసులు బిగించుకుని, తలుపు దగ్గరగా వేసి, షికారు వెళ్ళిపోయారు. ఎంతసేపటికీ రాలేదు. చింపులమ్మ ఉత్త చేతులతో ఆఫీసుకు వెళ్ళింది.

పెద్ద హాల్లో బల్ల మీద బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. కోచ్ ముఖం గంటు పెట్టుకుని ఉన్నారు. ఈ టీమ్‌లో కొందరు పరుగెత్తకుండానే పరుగెత్తామంటున్నారనీ, బూటు అబద్ధం చెప్పదనీ అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, లెక్కలాయన ఒకటికి రెండుసార్లు దగ్గాడు, ప్రకటనలాయన నేల చూపులు చూశాడు. కోచ్ చింపులమ్మ వైపు తిరిగి, ఆమె బూట్లు అందరికీ చూపించమన్నారు. ఆమె వల్లనే ఈ రకం బాగుపడిందని కూడా అన్నారు.

తిట్టి ఉంటే ఏదో ఒకటి బొంకేది. పొగిడేసరికి ఆమెకు బొంకబుద్ధి కాలేదు. ఆ గదీ, ఆ పర్రుమనే చప్పుడూ ఇక లేవని తెలిసినా నోరు విప్పింది.

"నేను పరుగెత్తలేదు కోచ్. మా అత్తయ్య నడిచారు. నేను చెప్పినవన్నీ ఆవిడ మాటలే."

ఇది టీమ్‌ను మోసం చేయడమేనని కోచ్ చల్లగా అన్నారు. పర్మనెంటు మాట మరిచిపొమ్మన్నారు. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని అత్తగారు వచ్చారు, వెనకాల ఆవిణ్ణి ఆపలేకపోయిన రిసెప్షన్ అమ్మాయితో సహా. ఇంటి నుంచి నడిచే వచ్చారట. పందెం గీతలకు అడ్డంగా నడిచి, కూర్చోవడానికి కుర్చీ కోసం చూసి, దొరక్క మెట్టు మీద కూర్చుని లేసులు విప్పారు.

"ఆయన పోయాక నేను గేటు దాటలేదు బాబూ. ఇవి దాటించాయి. పొద్దున మొండికేశాను గానీ, సగం దారిలో నాకే సిగ్గేసింది. బూట్ల కోసం పిల్ల ఉద్యోగం పోగొడతానా? కోసుకో. దారులు తెలిశాయిగా, ఇంక చెప్పులతో నడుస్తాను."

అత్తగారు తనను 'పిల్ల' అనడం చింపులమ్మ అప్పుడే మొదటిసారి విన్నది. కళ్ళు తిరిగాయో, నీళ్ళు తిరిగాయో ఆమెకు తెలియలేదు.

కోచ్ కూడా కాస్త మెత్తబడ్డారు. కానీ పద్ధతి పద్ధతే. ఎప్పుడూ మొదటి కోత ఆయన బూటుకే. నిజంగా పరుగెత్తినవాడి బూటు లోపల ఎలా ఉంటుందో ముందు చూడమని, అందంగా అరిగిన తన జత ముందుకు తోశారు. చింపులమ్మ కళ్ళు తుడుచుకుని రంపం ఆన్ చేసింది.

బూటు రెండుగా విడింది. దాంతో పాటే తెల్లటి కాగితం ముక్కలు గాల్లోకి లేచి, కోచ్ భుజాల మీదా విజిలు మీదా పడ్డాయి. బూటు ముక్కు నలగకుండా ఫ్యాక్టరీలో కుక్కే ఉండ కాగితం అది. దాన్ని తియ్యకుండా ఎవరి కాలూ లోపలికి పోదు. అరగదీత మిషను కింద పొడి ఎవరిదో చింపులమ్మకు అప్పుడు అర్థమైంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడానికి అందరూ పడిన శ్రమ ఇంతా అంతా కాదు. చివరికి అత్తగారే పలకరించారు.

"కాలికేమైనా బాధా, బాబూ?"

మడమ నొప్పి అని కోచ్ మెల్లగా ఒప్పుకున్నారు. పరుగు మానేసి రెండేళ్ళయిందట. పరుగుల కంపెనీ నడుపుతూ ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదట. దాంతో అడ్డుకట్ట తెగింది. తన జతతో తమ్ముడు పరుగెత్తాడని లెక్కలాయన, మేడమెట్ల మీద చేత్తోనే రుద్దానని ప్రకటనలాయన ఒప్పుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు. కోచ్ మిషను ఆపమన్నారు. వెళ్ళి తన గదిలో దాచుకున్న కుర్చీ తెచ్చి అత్తగారికి వేశారు. ఆవిడ జత కోయవద్దన్నారు. చింపులమ్మ ఉద్యోగం పర్మనెంటు చేస్తానన్నారు, కానీ షరతు ఒకటి పెట్టారు: ఇకనుంచి అత్తగారితో పాటు ఆమె కూడా వెళ్ళాలి. నడిచినా సరే.

నడకే కదా అని చింపులమ్మ సంబరపడింది. మర్నాడు పొద్దున గేటు దాటాక తెలిసొచ్చింది. రెండు నెలలు ఊరంతా తొక్కిన అత్తగారు మలుపు దగ్గరికి చేరేసరికి, కోడలు ఇంకా పక్కింటి గోడ దగ్గరే ఉంది. ఆగమని పిలిచింది. ఆవిడ ఆగలేదు. చుట్టూ చూసి, ఆఫీసు వాళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని, చింపులమ్మ పరుగు లంకించుకుంది.

ఆయాసపడుతూ పక్కకు చేరిన కోడలి చెయ్యి అత్తగారు పట్టుకున్నారు, అడుగు మాత్రం తగ్గించలేదు.

"మీ మామయ్యా ఇంతే. ఎప్పుడూ వెనకబడేవారు," అన్నారు.