అడుగున పాత సరుకు

కొట్టాయనకి ఆ ఇంట్లో మొదట నచ్చనిది గుమ్మం. తర్వాత నచ్చనిది గుమ్మం దాటాక ఉన్నదంతా.

ముప్పై ఏళ్ళు పప్పులూ దినుసులూ అమ్మి, కొట్టు తమ్ముడి చేతిలో పెట్టి, పట్నం వదిలి ఈ మారుమూలకి వచ్చాడాయన. వచ్చాడనేకంటే మోసుకొచ్చి దింపారంటే న్యాయంగా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో భార్య ఒకే ఒక్క కోరిక కోరింది. "ఎప్పటికైనా చుట్టూ మట్టి ఉన్న ఇల్లు కావాలండీ." సరేనన్నాడు. దూరపు గడువుకి ఒప్పుకోవడంలో నష్టం లేదని వ్యాపారం తెలిసినవాడెవడైనా చెబుతాడు. ఆ గడువు కాళ్ళొచ్చినట్టు నడుచుకుంటూ ఇంటికొస్తుందని మాత్రం ఎవడూ చెప్పలేదు.

అయినా ఉత్త చేతుల్తో దిగే మనిషి కాదు. సామాను దింపకముందే ఒక షరతు పెట్టాడు.

"వానలు పట్టుకుంటే ఇక్కడ దారి మూసుకుపోతుందట. సంతకెళ్ళే వ్యాన్ కూడా రాదట. ఆ వానలు వెలిసేదాకా నీ చేత్తో పండించి, నీ చేత్తో నిలవపెట్టిన తిండితో ఇల్లు గడిస్తే ఇక్కడే ఉందాం. గడవదనుకుంటే మారుమాట లేకుండా వెనక్కి."

"సరే," అంది ఆవిడ.

కొనేవాడు అంత తొందరగా సరేనంటే అమ్మేవాడికి అనుమానం రావాలి. ఆయనకీ వచ్చింది, తనే తక్కువకి చెప్పానేమోనని. కానీ నోరు జారిన బేరం వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకి లేదు.

ఇక మొదలైంది. గోడకి చెయ్యి ఆనిస్తే సున్నం చేతికొచ్చేది, దానితోపాటు ఏదో పచ్చటి తడి. పొద్దున్నే చెప్పులో కాలు పెడితే లోపల చల్లగా, మెత్తగా ఏదో చితికింది. తీసి చూస్తే చిప్పలేని నత్త. దాని జిగురు మూడుసార్లు సబ్బు పెట్టినా వేళ్ళ మధ్య సాగుతూనే ఉంది. ఆ రోజు అన్నం కలుపుకోవడానికి ఆయనకి చెంచా కావాల్సొచ్చింది.

కోళ్ళ సంగతి మరీ ఘోరం. ముప్పై ఏళ్ళూ గుడ్డు అంటే అట్టల్లో వరసగా, తెల్లగా, బుద్ధిగా కూచునే సరుకు. ఇక్కడ గుడ్డు వెచ్చగా, రెట్ట పూసుకుని, ఒక ఈక అంటించుకుని వచ్చేది.

"ఇది వెనకనుంచి వస్తుందని తెలుసు గానీ," అన్నాడాయన దాన్ని రెండువేళ్ళతో పట్టుకుని, "మరీ ఇంత వెనకనుంచి అని తెలీదు."

"ఏం, కోడి తుడిచి, పొట్లం కట్టి ఇవ్వాలా మీకు?" అంది భార్య.

ఆవిడకి ఏదీ అసహ్యం కాదు. అదే ఆయనకి అన్నిటికన్నా అసహ్యం. వంటింటి చెత్తంతా దొడ్లో కుప్పపోసి కుళ్ళబెట్టి, అది ఎరువయిందో లేదో చూడ్డానికి మోచేతిదాకా చెయ్యి దూర్చేది. తెల్లటి పురుగులు వేళ్ళ సందుల్లోంచి బిలబిలా రాలుతుంటే, "పాపం, మనకోసం పనిచేస్తున్నాయండీ," అనేది. ఆయన ఆ కుప్ప దాటాలంటే ముక్కుకి గుడ్డ కట్టుకునేవాడు. పక్క కమతంలో మేకలు పెంచే ఆవిడ ఆ అవతారం చూసి, "వదినా, మా అన్నయ్య దొంగతనానికి బయల్దేరాడా?" అంది. ఆ రోజునుంచీ ఆ చుట్టుపక్కల ఆయన పేరు ముక్కుగుడ్డాయన.

ఆ మేకలావిడే భార్యకి గురువు. కోడిని వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకడం నేర్పింది. తడిసిన ఈకల ఆవిరికి కొట్టాయన అరుగు మీదనుంచి లేచి, ఊరి పొలిమేరదాకా నడిచి వచ్చాడు. కూరగాయల్ని ఉప్పునీళ్ళలో ఊరబెట్టి జాడీల్లో నిలవపెట్టడం కూడా ఆవిడే నేర్పింది. కీరకాయలు, క్యారెట్లు, చిక్కుళ్ళు, క్యాబేజీ, దొడ్లో ఏది విరగకాస్తే అది. మొదటి కాపు అలాగే ఊరబెట్టారు, తిన్నారు. పుల్లగా, కరకరలాడుతూ బాగానే ఉంది. ఆ మాట ఆయన పైకి అనలేదు. ఎదుటివాడి సరుకుని మెచ్చుకుంటే ధర పెరుగుతుంది.

రెండో కాపే అసలుది. వానాకాలం గడవాలంటే ఇంటి వెనక చీకటిగదిలో ఇరవై జాడీలు నిండాలి. అందులో రెండు మేకలావిడకి, దానికి బదులు వానలన్నాళ్ళూ ఆవిడ పాలు పోస్తుంది. ఆవిడ కోడలు బాలింత, నోటికి పుల్లటిది కావాలని గోల.

కూరలన్నీ తరిగి తొట్లో పోసి, ఉప్పునీళ్ళు కలిపి పెట్టాక, మేకలావిడ దడి అవతలనుంచి కేకేసింది. "వదినా, నల్లమేక ఈనుతోంది, పిల్ల అడ్డం తిరిగింది! నీ చెయ్యి సన్నం, రా!"

భార్య పైట బిగించి పరిగెత్తింది. పరిగెడుతూనే చెప్పింది. "జాడీల్లో మీరు నింపెయ్యండి. పైన నాలుగు వేళ్ళు ఖాళీ వదలండి, పొంగుతుంది. నీళ్ళు తొట్లోవే పొయ్యండి. ఆ పాత జాడీలో మిగిలింది గుంటలో పారబోసెయ్యండి!"

ఆయన పాత జాడీ మూత తీశాడు. అడుగున సగంపైగా మొదటి కాపు ముక్కలున్నాయి. మెత్తబడ్డాయి, పైన తెల్లటి పొర తేలుతోంది, అయినా ముక్క ముక్కలాగే ఉంది. దాన్ని పట్టుకుని గుంటదాకా వెళ్ళాడు. చెయ్యి వంగలేదు.

ముప్పై ఏళ్ళలో ఆయన కొట్టులోంచి పిడికెడు దినుసు బయట పారబోసింది లేదు. పాత కందిపప్పు మిగిలితే కొత్త బస్తా అడుగున పొయ్యడం, పైన కొత్తది పరచడం. ఒకడి నెత్తిన పడకుండా అందరికీ తలా పిడికెడు. తిన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ నష్టం లేదు. దాన్ని మోసం అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. సరుకు తిప్పడం అనుకున్నాడు.

వెనక్కి తిరిగి వచ్చి, ఒక్కో జాడీ అడుగున ఒక పిడికెడు పాత ముక్కలు వేశాడు. పైన కొత్తవి పోశాడు. నాలుగు వేళ్ళ ఖాళీ చూస్తే ఒళ్ళు మండింది. వెలితిగా ఉన్న పాత్రని చూసి ఏ కొనేవాడు ముచ్చటపడతాడు? నోటిదాకా నింపాడు. ఉప్పునీళ్ళు చాలకపోతే కుండలోని మంచినీళ్ళు పోశాడు. గుడ్డలు కట్టి, వరసగా పేర్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన అసహ్యపడకుండా చేసిన మొదటి పని అదే.

సాయంత్రం భార్య నెత్తుటి చేతుల్తో, వెలిగిపోయే మొహంతో వచ్చింది. "రెండు పిల్లలండీ!" అని, చీకటిగదిలోకి తొంగిచూసి, "అబ్బో, మీరూ పనికొస్తారే!" అంది.

వానలు ఇంకా పట్టలేదు. నాలుగు చినుకులు రాలి ఆగుతున్నాయి. వ్యాన్ ఇంకొక్కసారి వస్తుంది, ఆపైన దారి మూతే అన్నారు. సరిగ్గా అప్పుడే వాసన మొదలైంది. ముందు ఆయన కోళ్ళ గూడు అనుకున్నాడు. తర్వాత ఎలక చచ్చిందనుకున్నాడు. భార్య మాత్రం నేరుగా చీకటిగదికి వెళ్ళి, మొదటి జాడీ గుడ్డ విప్పింది.

లోపల ముక్క అనేది లేదు. బూడిదరంగు జావ. మీద మందంగా నురగ, నురగ మీద గడ్డంలా బూజు. గరిటె పెట్టి ఎత్తితే ముక్కుచీమిడిలా సాగి, తెగకుండా వేలాడింది. రెండో జాడీ పొంగి అర మీంచి కారి, కింద బంకలా పేరుకుని ఉంది. అందులో ఈగ ఒకటి ఇంకా కాళ్ళాడిస్తోంది. మూడోది తెరవగానే కొట్టాయన గోడ పట్టుకుని వంగాడు. మురిక్కాలవలో పుల్లటి పాలు కలిపి ఎండలో పెడితే వచ్చే కంపు.

భార్య వాంతి చేసుకోలేదు. ఒక్కొక్కటే విప్పుకుంటూ వెళ్ళి, చివరికి కింద కూలబడింది.

"ఉప్పు నేనే కలిపాను," అంది. "తూకం తప్పాను. ముప్పై ఏళ్ళు తూకాల మనిషి పక్కన ఉండి, చిటికెడు ఉప్పు తూచుకోలేకపోయాను."

ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి కంపు దూరింది. మూసుకున్నాడు.

మూసుకున్నాక లెక్క కనబడింది. ఇంకేం మాట్లాడక్కర్లేదు. షరతు ప్రకారం వ్యాన్ ఎక్కడమే. గోడల తడి లేదు, నత్త లేదు, రెట్ట లేదు. అడగని లోపం చెప్పకపోవడం అబద్ధం కాదు, కొట్టులో అదే నీతి.

మర్నాడు భార్య బట్టలు సర్దింది. కొడవలీ పారా కడిగి, మేకలావిడకి ఇవ్వడానికి గుమ్మం పక్కన పెట్టింది. తర్వాత అరుగు మీద కూచుని, పిన్నీసుతో గోళ్ళలో మట్టి తీసుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలూ, ఓపిగ్గా. అది చూస్తే ఆయనకి సంతోషం రావాలి. మొహం పక్కకి తిప్పుకున్నాడు. కారణం కంపే అనుకుందామంటే అరుగు మీదకి కంపు రావడం లేదు.

మేకలావిడ పాలచెంబుతో వచ్చింది. సంగతి విని, "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నా ఉప్పునీళ్ళ లెక్క ఎప్పుడూ తప్పలేదే!" అంది. "అన్నీ పోయాయా?"

"గోడవార చల్లటి మూలలో రెండు మిగిలాయి వదినా. వాసన లేదు, పైన ముక్క కూడా గట్టిగానే ఉంది. అవి నీకే తీసిపెట్టాను. మాట మాటే కదా. మీ కోడలికి పెట్టు."

భార్య ఒక జాడీ తెచ్చి అరుగు మీద పెట్టింది. మేకలావిడ గుడ్డ విప్పి, పైనున్న క్యారెట్టు ముక్క ఒకటి తీసి, నోటికి తీసుకెళ్ళబోయింది.

"ఉండు, బరువు, నేనెత్తుతాను," అంటూ కొట్టాయన అడ్డంపడి జాడీ లాక్కున్నాడు. రెండడుగులు నడిచాడు. చేతులు వదిలేశాడు.

ఆయన లెక్కలో అది చక్కటి ఉపాయం. జాడీ పగులుతుంది, తినేవాళ్ళుండరు, చెప్పేవాళ్ళూ ఉండరు. పాము చావదు, కర్ర విరగదు. కానీ జాడీ నిలువునా రెండు చెక్కలై, లోపలున్నది కోసిన రొట్టెలా పొరలు పొరలుగా నేలమీద నిలబడింది. పైన ఎర్రటి, పచ్చటి ముక్కలు. అడుగున పిడికెడు నల్లటి ముద్ద, దాని చుట్టూ జిగురు, జిగురులోంచి పైకి పాకుతున్న తెల్లటి దారాలు.

మేకలావిడ చేతిలోని ముక్క విసిరికొట్టింది. "ఇదేంటి! పైన పటారం, లోన లొటారం? ఒకే జాడీలో రెండు కాపులెలా వచ్చాయి వదినా?"

భార్య వంగి, ఆ నల్లటి ముద్దలో వేలు పెట్టి కదిపింది. కొట్టు వెనక గదిలో కూచుని ముప్పై ఏళ్ళు పప్పులో రాళ్ళేరిన మనిషి. అడుగున పాతది, పైన కొత్తది ఎవరి చేతివాటమో ఆవిడకి ఒకరు చెప్పాలా?

"అన్నిట్లోనూ వేశారా?" అంది.

ఆయన తేలు కుట్టిన దొంగలా తలూపాడు.

"నీళ్ళూ పోశారా?"

"వెలితిగా కనబడితే..."

"నిన్నంతా ఉప్పు తూకం తప్పింది నేనేనని ఏడుస్తుంటే పక్కనే కూచుని విన్నారు."

"పాడైపోతుందని నేననుకున్నానా? ఈవిడ తినకూడదనే కదా ఇప్పుడు పడేశాను!"

"పడేశావా, చెయ్యి జారినట్టు నటించావా?" అంది మేకలావిడ. ఇన్నాళ్ళలో ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "పాలిచ్చే పిల్ల తినేదయ్యా ఇది. నిజం చెప్పడానికి నీకు జాడీ అడ్డం కావాలా?"

భార్య లేచి, గుమ్మం పక్కనున్న పార మళ్ళీ దొడ్లోకి తీసుకెళ్ళి పెట్టింది. వచ్చి చెప్పింది, గొంతు పెంచకుండా.

"నా చేత్తో పండించి, నా చేత్తో నిలవపెట్టిన తిండి అని కదా షరతు. ఇందులో నా చెయ్యి లేదు. కోళ్ళున్నాయి. ఎండబెట్టిన చిక్కుడు గింజలున్నాయి. పాదుకి గుమ్మడికాయలున్నాయి. చప్పగా గడుస్తుందేమో గానీ గడుస్తుంది. నేను ఇక్కడే ఉంటాను. రేపు వ్యాన్ వస్తుంది. మీరు వెళ్ళాలనుకుంటే మా మరిది కొట్టులో మీకు చోటెప్పుడూ ఉంటుంది."

"పాలు నేను పోస్తాలే వదినా," అంది మేకలావిడ. "జాడీలు వచ్చే కాపుకి ఇద్దువు గాని. మూత మాత్రం నువ్వే కట్టు."

ఆ సాయంత్రం కొట్టాయన మిగిలిన పంతొమ్మిది జాడీలూ దొడ్డి చివరికి మోశాడు. గుంట తవ్వి పారబోశాడు. వంచితే రానిది చేత్తో తీశాడు. అది వేళ్ళకి అంటి, మణికట్టుకి పాకి, చొక్కా చేతుల్లోకి కారింది. రెండుసార్లు కక్కుకున్నాడు. రెండోసారి కక్కినదానికీ గుంటలో ఉన్నదానికీ పెద్ద తేడా కనబడలేదు. ఎన్ని ఇళ్ళ కుండల్లోకి తన పిడికెడు వెళ్ళి ఉంటుందో అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని తూచడానికి ఆయన దగ్గర తూకపు రాయి లేదు.

మర్నాడు పొద్దున చినుకుల్లోనే నూతి దగ్గర బూడిదా పీచూ పెట్టుకుని జాడీలు తోముతున్నాడు. మలుపు దగ్గర వ్యాన్ హారన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. మోచేతిదాకా జాడీలో ఉన్న చెయ్యి ఆయన తియ్యలేదు. కాసేపటికి వ్యాన్ చప్పుడు దూరమైపోయింది. వాన పెద్దదైంది.

భార్య నెత్తిన గోనెపట్టా వేసుకుని వచ్చింది. కడిగి బోర్లించిన జాడీల్లోంచి ఒకటి ఎత్తి, మూతిలో ముక్కు పెట్టి పీల్చింది. మొహం చిట్లించి, దాన్ని మళ్ళీ ఆయన ముందుకి తోసింది.

"ఇంకా కంపే," అంది. "తోమండి."