సీసం జల్లెడ

జవళగిరి నుంచి వచ్చిన లారీ కృష్ణగిరిలో జ్ఞానాంబ డాక్టరమ్మ ఆసుపత్రి ముందు ఆగేసరికి దాని చెక్కల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ముందు నంజప్పను దించారు. ఆరడుగుల మనిషి, తుంటిలో తుపాకి దెబ్బ. తర్వాత అతని తమ్ముడు మారియప్పను దించలేదు, కిందికి తోసేశారు. చేతులు ఎద్దు పగ్గంతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. ముందు పళ్ళు ఊడిపోయాయి.

"అన్న చచ్చినాడంటే వీడి తల ఈడనే తీస్తాను," అన్నాడు దాసప్ప. జవళగిరిలో ఎద్దులకు లాడాలు కొట్టేది అతనే. చేతిలో మచ్చుకత్తి ఉంది.

"నేను కాల్చలేదప్పా. నా తుపాకి ఇంట్లోనే ఉంది," మారియప్ప నెత్తురు ఉమ్మి అన్నాడు. "కావాలంటే చూసుకోండి. నేను పోసేది సీసం గుండ్లు. అన్న ఒంట్లో ఏముందో చూడండి."

"మీ అన్నతో గట్టు తగాదా నీది. తెల్లవారి రాగి చేలో మీ అన్న మీద పేలింది. నువ్వు కాకుంటే ఎవరప్పా, పంది కాల్చిందా?"

దాసప్ప మాటకు గుంపులో ఒకరిద్దరు నవ్వారు.

దొరస్వామి ఆసుపత్రి కిటికీలోంచి ఇదంతా చూస్తున్నాడు. ఎదురుగా ఉన్న శ్రీరంగయ్య శెట్టి అంగడి వాళ్ళ నాన్నదే. అయినా పొట్లాలు కట్టడం ఇష్టం లేక బెంగుళూరులో ఎక్స్‌రే పని నేర్చుకొని వచ్చి, ఈ ఆసుపత్రిలో మిషను నడుపుతున్నాడు. నంజప్ప తుంటికి అప్పటికే ఒక ఫోటో తీశాడు. అందులో మంచు తప్ప ఏమీ లేదు.

"ఇదేంది దొరస్వామీ, పాలు ఒలకబోసినట్టు?" జ్ఞానాంబ ఫిల్ము విసిరేసింది. "లోపల ఏముందో, యాడుందో తెలియకుండా నేను కత్తి పెడితే పెద్ద నరం తెగుతుంది. మనిషి పోతాడు. ఆయన పోతే బయట ఇంకో మనిషి పోతాడు."

"నా జల్లెడ పెడతాను డాక్టరమ్మా."

"ఆ గ్రామఫోను పెట్టెనా? మొన్న దాంతో తీస్తే అన్నీ చారలే కదా."

"ఆ రోజు స్ప్రింగు ఆగిపోయింది. ఇప్పుడు సరిచేసినాను."

లావు మనిషి ఒంట్లోకి పోయిన కిరణాలు లోపల చెదిరి, అడ్డదిడ్డంగా బయటికొచ్చి ఫిల్మును మంచులా కప్పేస్తాయి. పెద్ద ఊళ్ళలో దీనికి మందుంది: సీసం పట్టీల జల్లెడ. నిటారుగా వచ్చే కిరణం పట్టీల సందులోంచి దూరుతుంది, పక్కవాటుగా వచ్చేది సీసానికి తగిలి అక్కడే చస్తుంది. జల్లెడ కదులుతూ ఉంటే పట్టీల నీడ కూడా ఫిల్ము మీద నిలవదు. కొనడానికి డాక్టరమ్మకు అంత స్తోమత లేదు. దొరస్వామి నాన్న అంగడిలోని టీ పెట్టెల సీసం రేకు చీల్చి, అగ్గిపెట్టెల పలచటి చెక్కను మధ్యమధ్యలో అతికించి జల్లెడ చేశాడు. దాన్ని కదిలించడానికి ఇంట్లోని గ్రామఫోను మోటారు పీకాడు. అమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంది.

జల్లెడను నంజప్ప తుంటి కింద తోసి, కీ ఇచ్చాడు. గరగరమని కదిలింది. స్విచ్చి నొక్కాడు. సరిగ్గా అప్పుడే బయట మారియప్ప అరిచాడు. మనిషి అరిచినట్టు లేదు. కిటికీలోంచి చూస్తే అతని కుడి చూపుడువేలు మట్టిలో పడి ఉంది.

"ట్రిగ్గరు నొక్కిన వేలు," దాసప్ప మచ్చుకత్తి పంచెకు తుడుచుకున్నాడు. "ఇంక మెడే."

చీకటి గదిలో ఎర్ర దీపం కింద మందునీళ్ళలోంచి బొమ్మ పైకొచ్చింది. దొరస్వామి వంగి చూశాడు. తుంటి ఎముక అంచు గీసినట్టుంది. దాని పక్కన తెల్లగా మూడు ముక్కలు. గుండ్రంగా లేవు. చదరపు తలలు, ఏటవాలుగా తెగిన తోకలు. మేకులు.

జ్ఞానాంబ ఫిల్మును దీపానికి పట్టి చాలాసేపు చూసింది. "ఇప్పుడు కోస్తాను. పోలీసులకు మనిషిని పంపినాను. వాళ్ళు వచ్చేదాకా ఇది ఎవరికీ చూపొద్దు. చూపితే గుంపు ఇంకొకడి మీద పడుతుంది. విన్నావా?" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

విన్నాడు. కానీ బయట మారియప్పను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మెడ వంచుతున్నారు. పైగా, నిజం చెప్పాలంటే, చేతిలో అంత మంచి ఫోటో ఉంది. నీళ్ళు కారుతున్న ఫిల్ము పట్టుకొని మెట్ల మీదికి పరుగెత్తాడు.

"ఆగండి. అతను కాదు. చూడండి, ఎంత తేటగా వచ్చిందో. లోపల ఉన్నవి సీసం గుండ్లు కావు, మేకులు. తల చదరం, తోక తెగి ఉంది."

నంజప్ప పెళ్ళాం కెంపమ్మ ముందుకొచ్చింది. ఎండకు పట్టిన ఫిల్ములోకి కళ్ళు చికిలించి చూసింది.

"ఇవి లాడం మేకులు కదప్పా," అంది మెల్లగా.

పాత లాడాల నుంచి ఊడదీసిన మేకులు తుపాకిలో నింపేవాడు జవళగిరిలో ఒక్కడే. ఆ సంగతి దొరస్వామికి తెలియదు. మిగతా అందరికీ తెలుసు. తలలన్నీ ఒక్కసారి తిరిగాయి.

దాసప్ప చేతిలోంచి కత్తి జారింది. "పంది అనుకొన్నాను కెంపమ్మా. రాగి కదిలింది. పంది అనుకొని కాల్చినాను. బెదురుకొన్నాను."

"బెదురుకొని నా మరిది వేలు తీసినావా?"

మొదటి రాయి ఆమెదే. తర్వాత ఎవరిది ఏదో తెలియలేదు. రాళ్ళు, లారీ జాకీ కడ్డీ, చెప్పుకాళ్ళు. దొరస్వామి "వద్దండి, వద్దండి" అంటూనే ఉన్నాడు. ఫిల్మును మాత్రం మడత పడకుండా, గీత పడకుండా పైకెత్తి పట్టుకొనే ఉన్నాడు.

జ్ఞానాంబ బయటికొచ్చేసరికి గుంపు గోడవారకు సర్దుకుంది. ఆమె చేతిలోని గిన్నెలో మేకులు గలగలమన్నాయి. నంజప్ప బతుకుతాడు. మారియప్ప చేతికి ఎవరో తువ్వాలు చుట్టారు. దాసప్ప ముఖం ఇటుందో అటుందో తెలియకుండా నేల మీద ఉన్నాడు, ముక్కు దగ్గర నెత్తురు బుడగలు వస్తున్నాయి.

ఆమె దొరస్వామి చేతిలోని ఫిల్మును చూసింది. "దాసప్పను టేబులు మీదికి ఎత్తండి. తల ఫోటో తీయి," అంది.

అదే టేబులు, అదే జల్లెడ. కీ ఇచ్చాడు. గరగరమంది. బొమ్మ పైకొచ్చేలోగానే పక్క గదిలో దాసప్ప ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ఫిల్ములో పుర్రె పగులు చెవి పైనుంచి నడినెత్తి దాకా వెంట్రుకంత సన్నగా, కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తోంది. ఆ మిషను మీద అంత స్పష్టమైన ఫోటో ఎప్పుడూ రాలేదు.

తలుపు దగ్గర కెంపమ్మ నిలబడి ఉంది. కొంగు నిండా మట్టి.

"నేనేసిన రాయి యాడ తగిలిందో చూపించప్పా శెట్టీ," అంది.

దొరస్వామి ఫిల్మును గోడవైపు తిప్పి పట్టుకున్నాడు.