పడవలో పలకకూడని మాట

అజరయా పార్డీకి దేవుడి మీద ఎంత గురి ఉండేదో, పడవను రేవు నుంచి తీసేటప్పుడు సూర్యుడు నడిచే వైపుకే తిప్పాలన్న దాని మీదా అంత గురి ఉండేది. ఆ రెండింటికీ పొసగదని అరవయ్యేళ్లు దాటేదాకా ఆయనకు తోచలేదు. పిల్చర్స్ కోవ్ చర్చిలో ముందు బెంచీ ఆయనది. కానుకల పళ్లెం పట్టేది ఆయనే, పాస్టరు లేనప్పుడు వాక్యం చదివేదీ ఆయనే. సోమవారం తెల్లవారుతూనే సముద్రం మీదికి వెళ్తూ ఒంటికాకి కనబడితే టోపీ తీసి దానికి మర్యాద చేసేదీ ఆయనే. వాళ్ల నాన్న అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు, ఇద్దరూ సముద్రంలో కాక మంచంలోనే పోయారు. కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌లాండ్‌లో చేపలు పట్టేవాడు మంచంలో పోవడమంటే మాటలు కాదు.

ఆ ఏడు చలి విరుగుతుండగా వాళ్ల చర్చికి రోడా పెన్నీ అనే కొత్త పాస్టరు వచ్చింది. ఎర్రజుట్టు, పొడుగ్గా ఉంటుంది, మెట్లు రెండేసి ఎక్కుతుంది. వచ్చిన కొద్ది వారాల్లోనే కీడు తగలకుండా ఊరివాళ్లు జేబుల్లో ఏం పెట్టుకుంటారో, గుమ్మాల మీద ఏం మేకులు కొట్టారో అంతా కనిపెట్టేసింది. ఒక ఆదివారం దాని మీదే ప్రసంగం చేసింది.

"సముద్రం ఎవరి మాట వింటుందండీ? తుపానును గద్దించి నోరు మూయించిన ప్రభువు మాట వింటుందా, మీ కోటు జేబులో ఎండిపోయిన రొట్టెముక్క మాట వింటుందా? రెండు పడవల మీద చెరో కాలూ పెట్టి ఎంతదూరం వెళ్తారు? ఇవాళ్టితో ఇవన్నీ వదిలేస్తానన్న వాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. చర్చిలో ఉన్నవాళ్లంతా ముందు బెంచీలోని అజరయా వీపు వైపే చూస్తున్నారు. వీపు మీద బరువులు పెట్టినట్టయింది ఆయనకు. చెయ్యి తనంత తానే పైకి లేచింది. దాని వెనకే మిగతావీ లేచాయి.

పక్కన కూర్చున్న భార్య సెలీనా పాటల పుస్తకం చాటున గొణిగింది. "కుడిచెయ్యి ఎత్తావు సరే. కీడు తగలకుండా ఎడమచేత్తో బెంచీ చెక్క పట్టుకున్నావు, అది వదులు ముందు."

నిజంగానే పట్టుకున్నాడు.

మొదటి రెండు వారాలూ అజరయా ఎలాగో నెట్టుకొచ్చాడు. కాకి కనబడితే తల తిప్పుకునేవాడు. పడవను మాత్రం సూర్యుడి వైపుకే తిప్పేవాడు, కాకపోతే అది అలవాటేగానీ నమ్మకం కాదని తనకు తాను చెప్పుకునేవాడు. ఇంతలో అవతలి దీవికి జనాన్ని చేరవేసే ఫెర్రీ పడవ చెడిపోయింది. ఆదివారం ఆ దీవిలో ఆరాధన జరగాలి, ఒక పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వాలి. శనివారం పొద్దున పాస్టరమ్మ రబ్బరు బూట్లు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని వచ్చి ఆయన గుమ్మంలో నిలబడింది.

"అజరయా గారూ, మీరు ఎలాగూ అటువైపు సముద్రంలో వేసిన బోనులు లాగడానికి వెళ్తారట. నన్నూ దింపేద్దురూ."

కాదనడానికి నోరు రాలేదు. అందరికంటే ముందు చెయ్యెత్తిన మనిషాయె. ఆమె రేవుకు వెళ్లగానే సెలీనా తమ్ముడు హ్యూబర్ట్ పెరట్లోంచి ఊడిపడ్డాడు. ఊళ్లో అందరికీ అతను హబ్. బావతో కలిసి పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్ల వేటకు వెళ్తాడు. చర్చికి మాత్రం క్రిస్మస్‌కీ, ఎవరైనా పోతేనూ వెళ్తాడు.

"బావా, నీకు మతి గానీ పోయిందా? పాస్టరును పడవెక్కించడమే అరిష్టం. పైగా ఆడమనిషి. పైగా ఎర్రజుట్టు. మూడూ కలిసిన మనిషిని ఎక్కడ వెతికి పట్టుకొచ్చావు?"

"నేను తెచ్చానట్రా? బిషప్పు పంపాడు."

"అయితే ఆ బిషప్పునే దింపి రమ్మను."

"వస్తే రా, లేకపోతే మానెయ్. బోనులు నేనొక్కణ్నే లాగుకుంటాను."

"నువ్వు మునిగితే మా అక్క నన్ను బతకనిస్తుందా? పద." హబ్ ఉమ్మేసి వెనకాలే నడిచాడు.

పడవ ఎడమకు ఒక్క మలుపు తిరిగితే చాలు, రేవు దాటేస్తుంది. అజరయా సూర్యుడు నడిచే వైపు, కుడికి తిప్పి, రేవంతా ఓ ప్రదక్షిణం చేయించి, అప్పుడు బయటకు తీశాడు.

"ఏదైనా మర్చిపోయారా?" అంది పాస్టరమ్మ, బోర్లించిన తొట్టి మీద కూర్చుంటూ.

"ఇంజను వేడెక్కాలమ్మా."

ఆ అబద్ధం నోట్లోంచి రాగానే ఆయనకు చెవులు కాలాయి. కాకులకు టోపీ తీసిన ఇన్నేళ్లలో పాస్టరుతో అబద్ధమాడింది ఇదే మొదలు.

కాసేపటికి ఆమె హాయిగా ఈల వేయడం మొదలుపెట్టింది. హబ్ కళ్లు బోనుల తాళ్లకు కట్టి నీళ్ల మీద తేలే బుడ్డల్లా బయటికొచ్చాయి. "గాలిని పిలుస్తోంది బావా, ఆపమను!" అని చెవిలో ఊదాడు. అజరయా గొంతు సవరించుకుని, "అమ్మా, ఈల కంటే మీరు పాడితేనే బాగుంటుంది" అన్నాడు. ఆమెకు అనుమానం రాలేదు సరికదా, ఆ కీర్తన మూడు చరణాలూ పాడింది. పాటకు ఏ దోషమూ లేదు కాబట్టి హబ్ ఓర్చుకున్నాడు.

పాట అయ్యాక ఆమె సంచీలోంచి బైబిలు తీసింది. "రేపటి వాక్యం ఓసారి పైకి చదువుకుంటాను. ఇంజను చప్పుడులో మీకేం ఇబ్బంది ఉండదుగా?"

"దేవుడి మాటకు ఇబ్బందేమిటమ్మా," అన్నాడు అజరయా నిండు మనసుతో. హమ్మయ్య, ఇక గండం గడిచిందనుకున్నాడు.

ఆమె చదవసాగింది. సమాధుల మధ్య తిరిగే దయ్యాలు పట్టినవాడు. గొలుసులు తెంచుకునేవాడు, రాళ్లతో తనను తాను కోసుకునేవాడు. యేసు పడవ దిగగానే పరుగెత్తుకొచ్చాడు. అజరయా తలూపుతూ వింటున్నాడు. ఉన్నట్టుండి ఆయన చేతుల్లో చుక్కాని చక్రం చల్లబడినట్టయింది. ఆ దయ్యాలు ఎందులోకి వెళ్లాయో గుర్తొచ్చింది. ఆ కొండ మీద మేస్తున్నది ఏ మందో గుర్తొచ్చింది. సముద్రం మీద ఆ జంతువు పేరు పలకడం కంటే పడవకు చిల్లు పెట్టుకోవడం నయమని వాళ్ల నాన్న అనేవాడు.

"అమ్మా, అమ్మా! కాస్త ఆగండి. ఆ మంద దగ్గర, ఉత్తినే 'మంద' అనేసి ముందుకు పోండి."

"ఏ మంద అంటారు? వినేవాళ్లు గొర్రెలనుకోరూ?"

"గొర్రెలు కావు."

"అదే, మరి ఏవి?"

"మీకు తెలుసు కదమ్మా."

"తెలుసండీ, పందులు," అందామె.

"ఇనుము! బావా, ఇనుము పట్టుకో!" అని అరుస్తూ హబ్ వెల్లకిలా పడ్డంత పనిచేసి, ఇంజను పక్కన చేతికందిన ఇనప పిడిని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. అజరయా చెయ్యి కూడా నడుముకున్న చాకు మీదికి పోయింది.

పాస్టరమ్మ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"చెయ్యెత్తారు కదండీ అజరయా గారూ?"

"ఎత్తానమ్మా. నేల మీద ఎత్తాను," అన్నాడాయన దీనంగా. "ఇది నీళ్ల మీద."

"ప్రభువు కథలోని మాట మీ పడవలో పలకకూడదా? సరే, ఈ పూట ఆ భయమేదో వదిలించుకుందాం." ఆమె లేచి నిలబడి, కాళ్లు ఎడంగా తన్నిపెట్టి, మొదటినుంచీ ఎలుగెత్తి చదివింది. పందులు మేస్తున్నాయి. దయ్యాలు పందుల్లోకి వెళ్లాయి. పందుల మంద మొత్తం కొండకొన నుంచి సముద్రంలోకి దూకి మునిగి చచ్చింది.

మునిగి చచ్చిందనేసరికి ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

నీళ్లు పడవ పక్కల్ని తడుతున్నాయి. "మునిగాయా?" అన్నాడు హబ్ పిడి వదలకుండానే. "మనం కూడా వాటి వెంటే."

"ఇది... ఊరికే జరిగింది," అంది పాస్టరమ్మ. ఆమె చెయ్యి మెల్లగా జారి లంగరు గొలుసును తాకడం అజరయా చూశాడు. చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆమె అమ్మమ్మదీ ఇలాంటి రేవేనని ఎవరో చెప్పగా విన్నాడు.

ఆయన కళ్లు మూసుకుని, ప్రభువా, నేను చెయ్యి దొంగగా ఎత్తాను, ఆమె మాత్రం నిజంగానే చదివింది, కనీసం ఆమె మొహం చూసైనా ఒడ్డు చేర్చమని లోపల్లోపల వేడుకున్నాడు. తర్వాత ఇంజను దగ్గర వంగి చూశాడు. హబ్ పట్టుకు వేలాడుతున్నది ఇంజనుకు డీజిల్ పోయే గొట్టం మీది పిడి. మూతపడేదాకా తిప్పేసి ఉంది.

"చెయ్యి తియ్‌రా," అన్నాడు పళ్ల బిగువున, పాస్టరమ్మకు వినబడకుండా. "నీ ఇనుమే కొంప ముంచింది."

హబ్ పిడి వైపు చూశాడు, బావ వైపు చూశాడు. "ఆమె ఆ మాట అనకపోతే నేను పట్టుకునేవాణ్ని కాదుగా," అన్నాడు.

ఆ గొడవలో పడవ కొట్టుకుపోయి రాతిదిబ్బ పక్కన వాళ్ల బోనుల దగ్గరికే చేరింది. వచ్చాం కదా అని లాగారు. ఒక్కో బోను పైకి లేస్తుంటే హబ్ నోరు తెరుచుకుంటోంది. ఆ ఏడాది మొత్తంలో అలాంటి లాబ్‌స్టర్లు వాళ్లు చూడలేదు. బోనులో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

పిడి తెరిచి ఇంజను మళ్లీ నడిపించి పాస్టరమ్మను దీవిలో దింపారు, మర్నాడు బాప్తిస్మం బాగా జరిగింది. పసిబిడ్డ పాస్టరమ్మ జుట్టు పట్టుకుని వదల్లేదట. కానీ ఆదివారం సాయంత్రానికి పిల్చర్స్ కోవ్‌లో అందరూ చెప్పుకున్నది ఆ సంగతి కాదు. పాస్టరమ్మ ఆ మాట అన్నాకే బోనులు నిండాయని హబ్ ఇంటింటికీ తిరిగి కథ చెప్పాడు. డీజిల్ పిడి సంగతి ఒక్కటీ మింగేశాడు.

సోమవారం ఇంకా వెలుగు రాకముందే, రాత్రే దీవి నుంచి తిరిగొచ్చిన పాస్టరమ్మ ఇంటి గుమ్మంలో మగవాళ్లు బారులు తీరారు. ఆమె దువ్వని జుట్టుతో తలుపు తీసింది.

"అమ్మా, మీరు నా పడవెక్కి ఆ మాట ఒక్కసారి అనండి."

"ఎక్కకపోయినా ఫరవాలేదు, రేవులో నిలబడి మా వైపు తిరిగి అన్నా చాలు."

"నాకు రెండుసార్లు అనండమ్మా, నాది పెద్ద పడవ."

ఆమె తలుపేసుకుని అజరయాకు ఫోను చేసింది. ఆయన వెళ్లేసరికి వంటింట్లో తల పట్టుకుని కూర్చుని ఉంది. "నేను ఒక దిష్టిబొమ్మను తీసేద్దామని వచ్చి ఇంకో దిష్టిబొమ్మనయ్యాను. ఆ మాట అంటే మూఢనమ్మకం, అనకపోతే 'పాస్టరమ్మ కోపమొచ్చి వేట చెడగొట్టింది' అంటారు. ఏం చెయ్యమంటారు?"

అజరయా టోపీ తీసి చేతుల్లో నలిపాడు. ఇంజను ఎందుకు ఆగిందో, రేవు చుట్టూ ఎందుకు తిప్పాడో అన్నీ చెప్పేశాడు. ఆమె మొదట కోపంగా చూసింది. హబ్ పిడి పట్టుకు వేలాడిన సంగతి వినేసరికి నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది. కళ్లు తుడుచుకుని, "నేనూ గొలుసు ముట్టుకున్నానండీ" అంది.

"నేను చూడలేదమ్మా."

"చూశారు. మీరు మంచివారు." ఆమె లేచి కోటు తొడుక్కుంది. "ఆ మాట వినాలని ఉన్నవాళ్లు వినాల్సిందే. కానీ ఒక్కో మాటా చిల్లరగా అమ్మను. రోజుకింత చొప్పున అధ్యాయం మొత్తం వింటేనే."

చెప్పినట్టే రేవులో పెట్టె ఎక్కి చదివింది. ఎముకలు కొరికే గాలి. ఆ మాట వచ్చినప్పుడల్లా మగవాళ్లు సంతృప్తిగా తలలూపారు. ఆ మాట అయిపోగానే సగంమంది పడవల వైపు కదిలారు. మిగతావాళ్లు ఆమె కళ్లలో పడి ఆగిపోయారు. దయ్యాలు వదిలినవాడు బట్టలు కట్టుకుని, తెలివిలోకి వచ్చి, నెమ్మదిగా కూర్చున్నాడన్న చోట ఆమె కాస్త ఆగింది. ఊరివాళ్లు వాణ్ని చూసి సంతోషించకుండా భయపడ్డారనీ, పోయిన మంద కోసమే ఏడ్చారనీ చెప్పింది. ఒకరిద్దరు ఆలోచనలో పడ్డారని అజరయాకు తెలిసింది.

ఆ రోజు వేట మామూలుగానే పడింది. ఆమె చదివేది వినకుండా ముందే పడవ తీసిన లీవై కీపింగ్ అనే అతనికి అందరికంటే ఎక్కువ పడింది. మర్నాడు రేవులో గుంపు సగమైంది. ఆ మర్నాడు ఇంకా తగ్గింది. ఆమె మాత్రం మానలేదు. పెట్టె ఎక్కి ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచే చదువుతోంది. ఇప్పుడు కథ పందుల్ని దాటిపోయింది. జబ్బుతో ఉన్న కూతురి కోసం ఒక పెద్దమనిషి యేసు కాళ్ల మీద పడ్డాడు. ఆయన అతని వెంట బయలుదేరాడు. దారిలో, ఎన్నో ఏళ్ల రోగంతో చితికిపోయిన ఆడమనిషి ఒకామె జనంలోంచి దూరివచ్చి, వెనకనుంచి ఆయన బట్ట ముట్టుకుంది. ముట్టుకోగానే బాగైపోయింది.

"ఆగండాగండి!" గుంపు వెనకనుంచి హబ్ గొంతు లేచింది. ఇన్నాళ్లూ అతను రోజూ ఎందుకు వస్తున్నాడో అజరయాకూ అంతుపట్టలేదు. "ఆవిడ ఆయన గుడ్డ ముట్టుకుంటే రోగం పోయిందంటున్నారు. నేను ఇనుము ముట్టుకుంటే తప్పయిందా? రెండూ ముట్టుకోవడమేగా!"

జనం నవ్వారు. పాస్టరమ్మ నవ్వలేదు. పేజీలో వేలు ఉంచి పుస్తకం మూసింది.

"ముట్టుకోవడం ఒకటే హబ్ గారూ," అంది. "ఆవిడ భయం కూడా మీ భయంలాంటిదే. ముట్టుకుని చడీచప్పుడు లేకుండా పోదామనుకుంది. కానీ ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి, నన్ను ముట్టుకున్నదెవరని అడిగాడు. అంత పెద్దమనిషిని దారిలో నిలబెట్టి మరీ ఆవిణ్ని చూడాలనుకున్నాడు. ఆవిడ కథంతా విన్నాడు. అమ్మాయీ అని పిలిచాడు. మీరు ఇన్నేళ్లుగా పట్టుకున్నారు కదా, ఇనుము ఎప్పుడైనా వెనక్కి తిరిగి మిమ్మల్ని ఎవరని అడిగిందా?"

హబ్ బుర్ర గోక్కున్నాడు. "లేదు," అన్నాడు. "డీజిల్ కట్టేసింది."

అది విని అందరూ అతని వైపు తిరిగారు. హబ్ నాలిక కరుచుకున్నాడు. ఆ తర్వాత నిజం కక్కక తప్పలేదు. రేవంతా ఒకటే గోల. లీవై కీపింగ్ నవ్వలేక నేల మీద కూలబడ్డాడు.

నవ్వులు సద్దుమణిగాక అలలు ఇంకా పెరగకముందే బయల్దేరాలని మగవాళ్లు పడవల వైపు కదిలారు. హబ్ కదల్లేదు.

"మరి ఆ పిల్ల?" అన్నాడు. "ఈవిడతో మాట్లాడుతూ ఆలస్యం చేశాడు కదా. అక్కడ ఆ పిల్ల ఏమైంది?"

"రేపు వినొచ్చులేరా, పొద్దెక్కుతోంది," అన్నాడు అజరయా.

"నువ్వు చదువుకున్నావు గనక నీకు తెలుసు బావా. నాకు తెలీదుగా! ఒక పిల్లను చావుబతుకుల్లో వదిలేసి నేను బోనులు లాగాలా? చెప్పండమ్మా."

పాస్టరమ్మ చెప్పింది. పిల్ల చనిపోయిందని కబురొచ్చిందనీ, ఏడ్చేవాళ్లు అప్పుడే ఇంటి ముందు పోగయ్యారనీ చెబుతుంటే హబ్ మొహం మాడిపోయింది. ఆయన లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుని లేపాడనీ, పిల్ల లేచి నడిచిందనీ వినేసరికి గట్టిగా ఊపిరి వదిలాడు. కోటు చేతితో ముక్కు తుడుచుకుని పడవలోకి దిగాడు.

రేవు దాటి చాలా దూరం వెళ్లారు. తర్వాత హబ్ తాడు చుడుతూ ఉన్నట్టుండి అన్నాడు.

"బావా, చివర్లో ఏమన్నాడో విన్నావా? అంత చేశాడా, చేసి, ఆ పిల్లకు తినడానికేమైనా పెట్టండన్నాడట. మా అక్క అన్నట్టే."

"విన్నాన్రా," అన్నాడు అజరయా. ఎన్నోసార్లు తనే నిలబడి చదివిన మాట అది. ఇవాళే విన్నట్టుంది.