మనీలా గడియారం కదల్లేదు

ఆదివారం మధ్యాహ్నం చేప పొలుసు గీరుతూ దుల్సే మాటిమాటికీ ఫోన్ వంక చూస్తోంది. ఇంకాసేపట్లో న్యూయార్క్‌లో వేసవి వేళల కోసం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఆమె పనిచేసే కాల్ సెంటర్‌కి ఫోన్లన్నీ ఆ ఊరివే. అక్కడ పొద్దున ఎనిమిదంటే ఇక్కడ నిన్నటిదాకా రాత్రి తొమ్మిది, రేపటి నుంచి ఎనిమిది.

ఏటా ఈ ఆదివారం ఆమెకి జీతం లేని చాకిరీ. షిఫ్టులు వేసే ప్రోగ్రాంలో ఎవరో పదమూడు గంటల తేడా అని ఒక అంకె కొట్టి వదిలేశారు. తేడా మారినప్పుడల్లా అందరికీ ఫోన్లు చేసి చెప్పడం ఆమె వంతు. "దుల్సే చూసుకుంటుందిలే" అంటాడు మేనేజర్ వెండెల్. ఇంట్లోనూ అదే మాట. "గంటే కదా, గంట ముందు పొయ్యి వెలిగిస్తే సరి" అంటాడు భర్త నెస్టర్. "మేం గడియారం చూసి వండామా?" అంటుంది అత్తగారు.

ఈసారి దుల్సే ఆ అంకె పీకేసి ఊళ్ల పేర్లు పెట్టింది. కంప్యూటర్ల దగ్గర ఒక పట్టిక ఉంటుందని అప్పుడే తెలిసింది. ఏ దేశం ఎప్పుడు గడియారం జరిపిందో, ఇకపై ఎప్పుడు జరుపుతుందో అన్నీ ఊరి పేరు కింద అందులో ఉంటాయి. కంప్యూటర్ లోపల లోకమంతటికీ ఒకటే లెక్క, చూపించేటప్పుడు మాత్రం చూసేవాళ్ల ఊరి టైము. కొత్త నియమం వస్తే పాతది చెరిపెయ్యరు, దాని కింద చేరుస్తారు. ఏ ప్రభుత్వమో ఉన్నట్టుండి మనసు మార్చుకుంటే, ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు ఓపిగ్గా వాదించుకుని మరీ సరిదిద్దుతారట. ఆ ఓపికకి దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకి. అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. న్యూయార్క్ గడియారం జరిగితే పట్టికలో న్యూయార్క్ వరసే మారుతుంది, సెబూతో సహా దేశమంతటి టైమూ ఉండే మనీలా వరసని ఎవరూ ముట్టుకోరు. తన ఇంట్లో ఎవరి గడియారం జరిగినా చివరికి జరిగేది తనే.

మూడయింది. ఫోన్ మోగింది. రేపటి షిఫ్టు రాత్రి ఎనిమిదికని మెసేజ్, అందరికీ దానంతటదే వెళ్లింది. వెనకే వెండెల్ ఫోను.

"అందరికీ చెప్పడం మొదలుపెట్టావా?"

"అక్కర్లేదు సర్. మీ ఫోన్ కూడా చూసుకోండి."

నెస్టర్ వంటగదిలోకి తొంగిచూశాడు. "రేపట్నుంచి గంట ముందే పోతావన్నమాట. మరి మాకు ఆరింటికే పెట్టేస్తావా? అమ్మకి అప్పుడే ఆకలెయ్యదు."

"అమ్మ ఎందుకు తొందరపడాలి? మనింట్లో భోజనం టైమేం మారలేదు. ఎప్పట్లాగే ఏడింటికి తినండి."

దుల్సే చేతులు కడుక్కుని, సగం గీరిన చేపనీ కత్తినీ అతని వైపు జరిపింది.

"ఏడింటికి నేను ఆఫీసుకి పోయే జీప్నీ బండిలో ఉంటాను. ఇది ఎలా వండాలో ఇవాళే చెప్తాను, రా."